పొట్టి ప్రోగ్రాం, పొడుగు కాగితం

ఆదివారం పొద్దున శివరామకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పోటీ మొదలుపెట్టాలి, పదకొండింటికి ముగించాలి, పన్నెండు కొట్టేసరికి బావమరిది ఇంట్లో గోంగూర మాంసం ముందు కూర్చోవాలి. ఆలస్యమైతే పుట్టింటివాళ్ళ ముందు తన పరువు పోతుందని భార్య గట్టిగా చెప్పి, పిల్లల్ని తీసుకుని ముందే వెళ్ళిపోయింది. పథకం చిన్నదైతే చెడిపోవడానికి అందులో చోటుండదని అతని నమ్మకం. అప్పటికి అతనికి నలభై ఏళ్ళు వచ్చినా ఆ నమ్మకం మాత్రం పోలేదు.

చీరాలలో పేరాల వైపు వెళ్ళే వీధిలో, అంకమ్మరావుగారి పురుగుమందుల కొట్టు మీద మేడలో, శివరామకృష్ణ కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు. కింద పత్తి రైతులు మందు డబ్బాలు బేరమాడుతుంటే పైన పిల్లలు సి లాంగ్వేజి నేర్చుకుంటుండేవాళ్ళు. అది రెండువేల ఒకటో సంవత్సరం. ఊళ్ళో ఇంటికొకరు సి నేర్చుకుంటున్నారు, ఎందుకని అడిగితే మాత్రం పక్కింటివాళ్ళు నేర్చుకుంటున్నారని చెప్పేవారు. ఇంతలో సెంటర్‌లో పాఠాలు చెప్పే కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి ఎవరిని తీసుకోవాలన్నది ప్రశ్న.

మామూలుగా పరీక్ష పెడితే ఆ సంగతి అక్కడితో తేలిపోయేది. కానీ శివరామకృష్ణ ఆ మధ్య నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక సంగతి చదివాడు. విదేశాల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక ఆట ఆడతారట. అందరికీ ఒకటే లెక్క ఇస్తారు, ఎవరు తక్కువ అక్షరాల్లో ప్రోగ్రాం రాస్తే వాళ్ళు గెలిచినట్టు. దాన్ని గోల్ఫ్ అంటారు. ఇది చదివిన దగ్గర్నుంచీ అతనికి నిద్రపట్టలేదు. గెలిచినవాళ్ళకే అయ్యవారి ఉద్యోగం అని సెంటర్ తలుపు మీద కాగితం అంటించేశాడు.

రూళ్ళు రెండే పెట్టాడు. ఒకటి, ప్రోగ్రాంలో ప్రతి అక్షరమూ, అంకే, గుర్తూ లెక్కలోకి వస్తుంది. రెండు, అచ్చయి వచ్చే బొమ్మ బోర్డు మీద గీసినట్టే ఉండాలి. నక్షత్రాల గుర్తులతో కట్టిన గోపురం అది. అయితే లైను చివర కనబడని ఖాళీలు మిగిలినా, అడుగున ఒక ఖాళీ లైను వచ్చినా తప్పు పట్టరు. ఈ చివరి ముక్క అతను దయకొద్దీ రాశాడు. ఆ దయే అతని కొంప ముంచింది.

మేడ తనది కాబట్టి ముఖ్య అతిథిగా అంకమ్మరావు వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కూతురు భవ్య పోటీలో ఉంది. మనవరాలిని చూసుకుందామని ఆయన తల్లి హనుమాయమ్మ కూడా ఓపిక చేసుకుని మెట్లెక్కి వచ్చింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. చేతిసంచిలోంచి రామకోటి పుస్తకం తీసి, గడికొక పేరు చొప్పున రాసుకోవడం మొదలుపెట్టింది.

"గోల్ఫ్ అన్నారు, కర్రేది మేష్టారూ?" అన్నాడు అంకమ్మరావు.

"కర్ర ఉండదండి. ఎవరు పొట్టిగా రాస్తే వాళ్ళు గెలుస్తారు."

"పొట్టిగా రాసినోడికి ఉద్యోగమా? మా రోజుల్లో ఎక్కువ రాసినోడికే మార్కులు."

పోటీకి చాలామంది వచ్చారు గానీ, వాళ్ళందరిలోనూ ఉద్యోగం నిజంగా కావలసింది షాజాదీకే. ఆమె తల్లి జైతున్‌బీ రవికలు కుట్టి ఆమెకి ఫీజు కట్టింది. మేనమామ సలీం చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అక్కడి గేటు దగ్గర వచ్చిపోయే లారీల నంబర్లు రాసుకునే పని ఆమెకి ఖాయం చేశాడు. తీసుకుపోదామని ఆ పొద్దున్నే వచ్చాడు కూడా. మధ్యాహ్నం ఒంగోలు బస్సు ఎక్కాలి. ఇక్కడ ఉద్యోగం వస్తే ఉంటాను, రాకపోతే వస్తానని షాజాదీ మాట ఇచ్చింది. సలీం మంచివాడే. ఆమె బట్టల సంచి, బస్టాండు దాకా పోవడానికి అద్దెకి తెచ్చిన సైకిల్ వెనక తాడుతో కట్టుకుని, మేష్టారి మాట కోసం కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. షాజాదీకి మాత్రం ఆ గేటు ఇష్టం లేదు. లారీ నంబర్లు రాయడానికి సి ఎందుకన్నది ఆమె బాధ.

పదిన్నరయినా కొందరి ప్రోగ్రాములు నడవలేదు, కొందరు క్రికెట్ చూడటానికి వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది షాజాదీ, భవ్య. ఇద్దరూ పక్కపక్క కంప్యూటర్ల మీద నేర్చుకున్న స్నేహితులే. శివరామకృష్ణ రెండు ప్రోగ్రాములూ అచ్చుతీసి, పెన్సిల్ మొనతో అక్షరం అక్షరం పొడుచుకుంటూ లెక్కపెట్టాడు. షాజాదీది మూడక్షరాలు పొట్టి.

షాజాదీ మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "మామా, నాదే గెలిచింది. సంచి విప్పు."

"శుభం తల్లీ," అని సలీం తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"మూడక్షరాలు మా పిల్లదాంట్లో ఎందుకెక్కువైనయ్ మేష్టారూ?" అన్నాడు అంకమ్మరావు. వ్యాపారస్థుడికి తూకం దగ్గర అనుమానం సహజం.

శివరామకృష్ణ కాగితం చూశాడు. సి లో పక్కపక్కన రెండు ఏటవాలు గీతలు గీసి ఆ తర్వాత ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు, అది మనుషులు చదువుకోవడానికి. భవ్య మొదటి లైనులో ఆ గీతల తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని రాసింది. షాజాదీ, బిస్మిల్లాకి బదులుగా వేసే 786 అంకె రాసింది. ఏ కాగితమైనా అలా మొదలుపెట్టకుండా రాయడం ఇద్దరి ఇళ్ళలోనూ అలవాటు లేదు. బడిలో చిత్తుకాగితం మీద కూడా అలాగే రాసేవాళ్ళు.

"పైన శ్రీరామ అని రాసిందండి. అది ఏడక్షరాలు. షాజాదీది మూడే. అక్కడ వచ్చింది తేడా."



"అంటే రాముడు ఎక్కువైపోయాడా మేష్టారూ?" అన్నాడు అంకమ్మరావు నెమ్మదిగా.

మేడ అద్దెకిచ్చినవాడు నెమ్మదిగా మాట్లాడితే అద్దెకున్నవాడికి చెమటలు పట్టడం న్యాయమే. శివరామకృష్ణ ఇద్దరి పై లైన్లూ కొట్టేసి మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి భవ్యది ఒక్క అక్షరం పొట్టి. "దేవుడి పేరు లెక్కలోకి రాదు" అని బోర్డు మీద మూడో రూలు రాశాడు.

షాజాదీ మెట్ల దగ్గరికి వెళ్ళి, "మామా, ఓడిపోయాను," అంది.

"ఇప్పుడేగా గెలిచావు?"

"ఇప్పుడే ఓడాను."

సలీం కిందనుంచి పైకి చూసి, విప్పిన తాడు మళ్ళీ కట్టాడు.

షాజాదీ తిరిగొచ్చి కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆమెకి గొడవ పడాలని లేదు, రూలు అర్థం కావాలి అంతే. "సార్, చిన్న డౌటు. దేవుడి పేరు పైనుంటేనే లెక్కలోకి రాదా, ఎక్కడున్నా రాదా?"

పైన మాత్రమే అని శివరామకృష్ణ చెప్పబోయాడు. ఈలోగా హనుమాయమ్మ పుస్తకంలోంచి తలెత్తింది.

"ఆయన పైన ఒక్కచోటే ఉంటాడంటమ్మా? అంతటా ఉంటాడు."

"అమ్మ చెప్పింది రాసుకోండి మేష్టారూ," అన్నాడు అంకమ్మరావు.

రూలు రాశాక శివరామకృష్ణకి దాని లోతు తెలిసింది. సి లో ఒక మాటకి బదులు మనకిష్టమైన ఇంకో మాట పెట్టుకోవచ్చు, పెట్టుకుంటున్నామని మొదట్లో చెబితే చాలు. పేర్లన్నీ దేవుడివే అయితే ప్రోగ్రాంలో లెక్కకి వచ్చేది ఏం మిగులుతుంది? ఇద్దరు పిల్లలూ అప్పటికే ఆ మర్మం పట్టేసి కీబోర్డుల మీద పడ్డారు. ప్రోగ్రాములు చూస్తుండగానే రెండింతలు పెరిగాయి, లెక్కలో మాత్రం సగానికి తగ్గాయి. ఇలాంటిది తను చదివిన ఆటలో ఎక్కడా లేదని శివరామకృష్ణకి బాగా గుర్తు.

"నీ ప్రోగ్రాం చదివి వినిపించవే," అని అడిగింది హనుమాయమ్మ మనవరాలిని.

"రాముడు సమానం సున్న," అని మొదలుపెట్టింది భవ్య. "గోవిందుడు, రాముడు ఆరు కంటే తక్కువ."

"రాముడు దేనికంటే తక్కువే?"

"అది షరతు నాయనమ్మా. తక్కువున్నంతసేపూ నడుస్తది."

"ఆరుకంటే తక్కువెట్టా అవుతాడే. పెద్దంకె వెయ్యి." అని హనుమాయమ్మ అర్థంకాకపోయినా చేతులు జోడించింది.

షాజాదీ ప్రోగ్రాం నిండా రహీం, కరీం అనే పేర్లున్నాయి. పైగా సి లో సున్న కానిదంతా నిజం కిందే లెక్క. ఎప్పటికీ నిజమే అని చెప్పడానికి అందరూ 1 వేసే చోట ఆమె 786 వేసింది. దాంతో ఆమెది ఒక్క అక్షరం పొట్టయింది.

"786 దేవుడి పేరెట్టా అవుద్ది నాన్నా? అది అంకె," అంది భవ్య.

అంకమ్మరావు గడ్డం గోక్కున్నాడు. ఆయన లారీ ముందు అద్దం మీద ఓంకారం, శిలువ, 786 మూడూ వరసగా రాయించి ఉన్నాయి. "ఆ అంకె నమ్మే నేను లారీ తిప్పుతున్నా. ఇక్కడ కాదంటే అక్కడ ఊరుకుంటదా? చెల్లుద్ది," అన్నాడు.

"మామా, విప్పు," అని షాజాదీ కేక వేసింది. కింద సలీం ఈసారి వెంటనే కదల్లేదు. "కాసేపాగి చెప్పమ్మా. తాడు తెగేట్టుంది," అన్నాడు.

అతను ఆగడమే మంచిదయింది. భవ్య ఓడిపోయే రకం కాదు. "సార్, చివర ఖాళీలుంటే తప్పులేదన్నారు. అంటే కొంచెం ఇటూ అటూ అయినా ఫర్వాలేదనేగా? లైను ఎక్కడ విరగాలో అక్కడ విరగకపోతే ఏమవుద్ది? నక్షత్రం బదులు ఇంకోటి వస్తే ఏమవుద్ది?" అంది. లైను మార్చమని చెప్పే ముక్కకి అక్షరాలు ఖర్చవుతాయి. నక్షత్రం ఒక అక్షరం, శ్రీరాముడు ఉచితం.

శివరామకృష్ణ గోడ గడియారం చూశాడు. పన్నెండు కావస్తోంది. గోంగూర మాంసం, భార్య ముఖం, బావమరిది నవ్వు వరసగా కళ్ళముందు ఆడాయి. "ఉండొచ్చమ్మా, ఉండొచ్చు. ఏదైనా ఉండొచ్చు," అన్నాడు. పోటీ పెట్టినవాడి నోట రాకూడని మాట అదొక్కటే.

భవ్య కాసేపట్లోనే తిరగరాసి, నడిపి చూడకుండానే ఇచ్చేసింది. ఇప్పుడామెది చాలా పొట్టి. షాజాదీ కూడా అలాగే మార్చుకోవచ్చు, ఆమెకి చేతకాక కాదు. "కానీ సార్, లైన్లు విరగకపోతే అది గోపురం అవ్వదు కదా," అంది. శివరామకృష్ణ మళ్ళీ గడియారం చూశాడు. ఆమెకి ఏడుపొచ్చింది. అయినా గోపురం కానిదాన్ని గోపురమని రాయడానికి చేతులు రాలేదు. మెట్ల దాకా వెళ్ళి నిలబడింది. సలీం ఆమె ముఖం చూసి సంచి బిగించి కట్టాడు.

అక్కడితో ఫలితం చెప్పేసి భోజనానికి పోవచ్చు. కానీ తెర మీద చూపిస్తానంటే అంకమ్మరావుకి నచ్చలేదు. "అద్దంలో చూసి సరుకు తీసుకునేవాణ్ణి కాదు మేష్టారూ. కాగితం మీద తియ్యండి, చేత్తో పట్టుకుని చూస్తా," అన్నాడు.

శివరామకృష్ణ భవ్య ప్రోగ్రాంని నేరుగా ప్రింటర్‌కి వదిలాడు. అది పాత డాట్ మాట్రిక్స్. మడతలు మడతలుగా అంటుకుని ఉండే కాగితం, బల్ల కింద నిండు పెట్టెలోంచి పైకొచ్చి, అచ్చయి అవతల మెట్ల గుమ్మం వైపు పడుతుంది. మొదటి లైను నిండా శ్రీరామ శ్రీరామ అని వచ్చింది. రెండో లైను, మూడో లైను కూడా అంతే. పేజీ అయిపోయింది. రెండో పేజీ మొదలైంది.

"ఎన్ని పేజీలమ్మా ఇది?" అన్నాడు శివరామకృష్ణ.

భవ్య ప్రోగ్రాం చూసుకుని నాలిక్కరుచుకుంది. వరసలు లెక్కపెట్టడానికీ, వరసలో పేర్లు లెక్కపెట్టడానికీ వేరువేరు పేర్లు పెట్టుకోవాలి. ఉచితం కదా అని రెండింటికీ రాముడినే పెట్టేసింది. లోపలి లెక్క మొదలైనప్పుడల్లా బయటి లెక్క మళ్ళీ సున్నకి వస్తోంది. ఇక అది ఆగేది కాదు.

శివరామకృష్ణ ప్రింటర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి బాబూ," అంది హనుమాయమ్మ. ఆవిడ లేచి నిలబడి ఉంది. "ఏం రాస్తోంది అది?"

"శ్రీరామ అనండి. ఇంగ్లీషులో."

"ఇంగ్లీషయితే ఏం, ఆయనకి రాదా? నాకు ఏళ్ళు పట్టే రామకోటి అది నిలువుకాళ్ళ మీద రాసేస్తోంది. నామం నడుస్తుంటే మధ్యలో ఎవరన్నా నోరు మూస్తారా?"

అతను చెయ్యి తీశాడు. కాగితం బల్ల దిగింది, గుమ్మం దాటింది, మొదటి మెట్టు మీద వాలి, అక్కడ తీరిగ్గా మడత పడి రెండో మెట్టుకి జారింది. అంకమ్మరావుకి కొత్త సందేహం పుట్టింది.

"ఈ పుణ్యం ఎవరికొస్తది మేష్టారూ? రాసింది మా పిల్ల. మిషను మీది. కరెంటు బిల్లు నాది."

"నాకు తెలియదండి."

"కరెంటు లేకపోతే ఒక్క పేరన్నా పడుద్దా?"

"పడదండి."

"అదీ," అన్నాడు అంకమ్మరావు. కానీ ఆ గొంతులో పూర్తి నమ్మకం లేదు.

ఒంటిగంట కావస్తుండగా శివరామకృష్ణ ఇక తెగించి బావమరిది ఇంటికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర కాలెత్తి, ఎత్తిన కాలు గాల్లోనే ఆపేశాడు. పై మెట్టు నుంచి వీధి దాకా మెట్లన్నిటి మీదా శ్రీరాముడే. ఇంగ్లీషులో ఉన్నా రాముడు రాముడే. తొక్కి దిగలేడు. కాగితం తీసి దిగుదామంటే పైనుంచి ఇంకా వస్తూనే ఉంది. మేడకి ఇంకో దారి లేదు. అతను కాలు వెనక్కి పెట్టుకున్నాడు.

"మామా," అని పిలిచింది షాజాదీ, "బస్సుకి టైమైందా?"

"అయింది తల్లీ. దిగు."

"ఎట్టా దిగను? మెట్లమీదంతా రాముడి పేరుంది. నువ్వే పైకొచ్చి సార్‌తో మాట్లాడు."

సలీం కింది మెట్టు మీది కాగితం వంగి చూశాడు. "వాళ్ళ దేవుడి పేరు మీద నేనెట్టా కాలు పెడతానమ్మా? ఆగనియ్యి, చూద్దాం," అని చెప్పులు కూడా విడిచి దూరంగా పెట్టి నిలబడ్డాడు.

బస్సు వెళ్ళిపోతే బాగుండునని షాజాదీకి అనిపించింది. మామ అంత దూరం తన కోసమే వచ్చాడని గుర్తొచ్చి వెంటనే సిగ్గేసింది. గోపురం రాసిన తన కాగితం బల్ల మీద అలాగే ఉంది. దాని వైపు ఎవరూ చూడటం లేదు.

కాసేపటికి రిబ్బన్‌లో సిరా తగ్గింది. నల్లటి పేర్లు బూడిదరంగులోకి, బూడిదరంగు నుంచి తెలుపులోకి దిగాయి. చివరికి కాగితం మీద సూదులు పొడిచిన గుంటలు తప్ప ఏమీ కనబడలేదు.

"ఇప్పుడున్నాడా, లేడా?" అన్నాడు అంకమ్మరావు కాగితం ఎండకి పట్టి చూస్తూ.

"కనబడకపోతే లేనట్టా?" అంది హనుమాయమ్మ.  ఈలోగా పెట్టెలో కాగితమే అయిపోయింది. ప్రింటర్ కీచుమని ఆగింది. శివరామకృష్ణ గబగబా కంప్యూటర్ కూడా ఆపేసి, జీవితంలో మొదటిసారి ఒక యంత్రానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

కింద సలీం మెట్టు తర్వాత మెట్టు కాగితాన్ని మడతల వెంట మడుస్తూ పైకొచ్చాడు. ఎక్కడా నేలకి తగలనివ్వలేదు. రెండు చేతులమీదా ఆ కట్ట మోసుకొచ్చి హనుమాయమ్మకి అందించాడు. ఆవిడ కళ్ళకద్దుకుని, బల్లమీద పెట్టి, "చదువు భవ్యా," అంది.

భవ్య సిరా ఉన్న పేజీ ఒకటి తీసింది. "శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ, శ్రీ."

"శ్రీ ఏంటి?"

"లైను అయిపోయింది నాయనమ్మా. రామ కింది లైనులో ఉంది."

హనుమాయమ్మ ముఖం మారింది. "చివర్లో ఎట్టా ఉంది?"

చివరి పేజీ మీద గుంటలు వేలితో తడిమి చెప్పాల్సి వచ్చింది. "శ్రీరా. అంతే."

"మ ఎక్కడ?"

"కాగితం అయిపోయిందండి," అన్నాడు శివరామకృష్ణ. అతనిలోని పరీక్షకుడికి ఒక ధర్మసందేహం మిగిలే ఉంది. ప్రోగ్రాం ఆగితీరాలని రూళ్ళలో ఎక్కడా లేదు. "అమ్మగారూ, మీరే చెప్పండి. ఈ అవుట్‌పుట్ చెల్లుతుందంటారా?"

"దేవుడి పేరు సగంలో వదిలేస్తే చెల్లుద్దంటయ్యా? ఏదైనా ఉండొచ్చని ఇందాక నువ్వే అన్నావు, విన్నా. పెట్టినోడివి, నువ్వన్నా గట్టిగా ఉండొద్దా?" ఆవిడ తన పుస్తకం తెరిచి అందరికీ చూపించింది. "గడికొక పేరు. గీత దాటకూడదు. పేజీ అంచున సగం గడి ఉండకూడదు. అడుగున ఖాళీ వరస వదలకూడదు. ఆ పేరు కూడా నా చేత్తోనే రాయాలి, ఇంకోళ్ళు రాస్తే అది వాళ్ళది. ఇంతసేపూ ఆ మిషను మోజులో నాకే మతి పోయింది."

ఆ పుస్తకంలో పేర్లు ముత్యాల్లా ఉన్నాయి గానీ గడుల గీతలు మాత్రం వంకరటింకర. అచ్చు పుస్తకాలు ఊళ్ళో సరిగ్గా దొరక్క, ఆవిడే తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి గీసుకుంటోంది. "పేరు రాయడానికి చెయ్యి వస్తది. గీత దగ్గరికొచ్చేసరికి వణుకుతది. గళ్ళకే సగం రోజు పోతోంది," అంది ఆవిడ. 

"మామ్మగారూ," అంది షాజాదీ, "గళ్ళు ఈ మిషన్‌తో వేయొచ్చు."

"పేరుండకూడదు."

"ఉండదండి. గడి ఎంత వెడల్పు కావాలి? పేజీకి పైన ఖాళీ ఎంత వదలమంటారు?"

హనుమాయమ్మ చెప్పింది. షాజాదీ అడిగింది, మళ్ళీ అడిగింది. అంచున గీత రావాలా, మూలలు కలవాలా, ఆఖరి వరస ఎక్కడ ఆగాలి. అడగాల్సినవన్నీ అయ్యాకనే కుర్చీలో కూర్చుంది. భవ్య పక్కనే నిలబడి, "ఇది పొట్టిగా రాదే," అంది. "రానక్కర్లేదులే," అంది షాజాదీ. సలీం బస్సు సంగతి ఎత్తలేదు. శివరామకృష్ణ కొత్త రిబ్బన్ వేశాడు. కాగితం మాత్రం ఒక్కటీ లేదు. అంకమ్మరావు కిందికి వెళ్ళి, పత్తి పురుగుమందు తాలూకు కరపత్రాల కట్ట పట్టుకొచ్చాడు. వాటికి ఒకవైపు కాయతొలుచు పురుగు బొమ్మ, రెండోవైపు ఖాళీ.

"వెనక పురుగుందమ్మా," అన్నాడు సంకోచంగా.

"ఉండనియ్యి. నేను రాసేది ఇటు."

ప్రింటర్ మళ్ళీ గరగరలాడింది.  శివరామకృష్ణ చెయ్యి స్విచ్ మీదే ఉంది. గళ్ళు వరసగా పడ్డాయి, అంచు దాకా వెళ్ళాయి, అడుగు గీత పడింది. ప్రింటర్ ఆగింది. దానంతట అదే ఆగింది. హనుమాయమ్మ కాగితం తీసుకుని, మొదటి గడిలో నిదానంగా ఒక పేరు రాసింది. పేరు గడిలో కుదురుగా కూర్చుంది.

"ఈ పిల్లకివ్వండి ఉద్యోగం," అంది.

"అమ్మా, పోటీ పెట్టింది పొట్టి ప్రోగ్రాంకి," అన్నాడు అంకమ్మరావు. "మేష్టారూ, ఈ పిల్లది ఎంతుంది?"

శివరామకృష్ణ తెర మీద పైనుంచి కిందికి చూశాడు. ఆ ప్రోగ్రాంలో ఒక్క దేవుడి పేరూ లేదు, ప్రతి అక్షరమూ లెక్కలోకి వస్తుంది. "ఇవాళ రాసినవాటన్నిట్లోకీ పొడుగండి," అన్నాడు.

"పొట్టిది వీధిలోకి పోయింది చూశాంగా," అంది హనుమాయమ్మ. "పిల్లలకి చెప్పే పని అది. ఎక్కడ ఆపాలో తెలిసినోళ్ళు చెప్పాలి."

అందరూ భవ్య వైపు చూశారు. ఆమె భుజాలెగరేసింది. "పోటీ నేనే గెలిచాగా? బోర్డు మీద అట్టా రాయించండి చాలు. రోజూ తొమ్మిదింటికి ఇక్కడికి ఎవరొస్తారు నాన్నా."

కూతురికి ఆ ఉద్యోగం అవసరమని పొద్దుట్నుంచీ అనుకుంటున్న అంకమ్మరావు మిగిలిన కరపత్రాలు సర్దడంలో పడ్డాడు. గోంగూర మాంసం మీద ఆశ ఎప్పుడో వదిలేసుకున్న శివరామకృష్ణ బోర్డు తుడిచి, మొదటి బహుమతి భవ్య, ఉద్యోగం షాజాదీ అని రాశాడు. తప్పెక్కడ జరిగిందో తెలియలేదు గానీ ఒప్పు మాత్రం జరిగినట్టే అనిపించింది. షాజాదీ మెట్లు దిగి సైకిల్ దగ్గరికి వెళ్ళి, తాడు తనే విప్పబోయింది. ముడి ఊడిరాలేదు. సలీం నవ్వి, "నువ్వుండు తల్లీ, నాకలవాటైపోయింది," అన్నాడు. ఆమె సంచిలో ముఖం దాచుకుని ఏడ్చింది. అది పొద్దుట్నుంచీ ఆపుకున్న ఏడుపు, కాబట్టి కాస్త ఎక్కువసేపే పట్టింది.

సోమవారం కొత్త అయ్యవారమ్మ మొదటి క్లాసుకి గది నిండిపోయింది. వచ్చినవాళ్ళందరూ హనుమాయమ్మ ఈడువాళ్ళే, అందరూ తెల్లకాగితాలు సొంతంగా తెచ్చుకున్నారు.